పన్ను ముందు, పేరు తర్వాత: బీడీఎస్ మొదటి ఏడాదికి పంటి నిర్మాణం నేర్పే పద్ధతి

ఓరల్ పాథాలజీలో ఎండీఎస్ ముగించి డెంటల్ కాలేజీలో చేరిన కొత్త టీచర్లకి ముందుగా అప్పగించే సబ్జెక్టు దాదాపు ఎప్పుడూ ఒకటే: డెంటల్ అనాటమీ (పంటి ఆకారం), ఎంబ్రియాలజీ (పిండంలో పంటి పుట్టుక), ఓరల్ హిస్టాలజీ (నోటి కణజాలం). పేరులో మూడున్నా పేపర్ ఒక్కటే. ఎదురుగా కూర్చునేది బైపీసీ చదివి, నీట్ రాసి వచ్చిన పిల్లలు. వాళ్లకి బట్టీ పట్టడం బ్రహ్మాండంగా వచ్చు. చిక్కంతా అక్కడే. పీపీటీ వేసి గట్లూ గుంటలూ పేర్లు చదివితే శ్రద్ధగా రాసుకుంటారు, ఇంటర్నల్స్‌లో అప్పజెప్పేస్తారు కూడా. మూడో ఏడాదిలో క్లినిక్‌కి వచ్చాక మాత్రం, పీకిన పన్ను చేతిలో పెట్టి ఇది కుడిదా ఎడమదా అని అడిగితే బిక్కమొహం వేస్తారు.

కింద రాసినది కొత్తగా పాఠం చెప్పబోయే వాళ్ల కోసం. విద్యార్థి నోటి నుంచి పేరు కంటే ముందు కారణం రావాలి. ఏ మెట్టులోనైనా నేను చూసుకునేది అదే.

1. ముందు పళ్లు సమకూర్చుకోండి

ప్లాస్టిక్ మోడళ్లు కొలతలకి బాగుంటాయి, కానీ అవన్నీ ఒకే అచ్చు. నిజమైన పళ్లు ఒకదానిలా ఇంకొకటి ఉండవు. అరిగినవి, వేరు వంకర పోయినవి, పిప్పి పట్టినవి చూస్తేనే ఏ లక్షణం నమ్మదగినదో పిల్లలకి తెలుస్తుంది. మీ కాలేజీ ఓరల్ సర్జరీ విభాగంతో మాట్లాడి, పేషెంట్ అనుమతితో పీకిన పళ్లు సేకరించండి.

శుభ్రం చేయకుండా ఒక్క పన్ను కూడా పిల్లల చేతికి ఇవ్వకూడదు. రక్తం, కండ గీకేసి, ఎండిపోకుండా తడిలో ఉంచాలి. ఎండితే పెళుసై పగులుతాయి. తర్వాత ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో, 40 నిమిషాలు. ఇక్కడ చాలామంది పట్టించుకోని జాగ్రత్త ఒకటుంది. అమాల్గమ్ ఫిల్లింగ్ ఉన్న పన్నుని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, పాదరసం ఆవిరి వస్తుంది. అలాంటివి వేరు చేసి 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచండి. వాటిని పారేయాల్సి వచ్చినా కాల్చే చెత్తలో కలపకూడదు.

డబ్బాల మీద పన్ను పేరు రాయకండి. అన్నీ కలిపేసి, నంబరు మాత్రం వేసి, జవాబుల పట్టిక మీ దగ్గర పెట్టుకోండి.

2. మొదటి క్లాసు: నాలుక, అద్దం

మొదటి క్లాసులో బోర్డు మీద ఏమీ రాయకండి. నోరు మూసుకుని, పై ముందరి పళ్ల వెనక నాలుక కొనతో తడమమనండి. చిగురు దగ్గర ఒక ఉబ్బు తగులుతుంది, దాని కింద పల్లం, రెండు పక్కలా సన్నటి గట్లు. అక్కడినుంచి వెనక్కి పోతూ కోరపన్ను వెనక ఎలా ఉందో, దవడ పళ్ల మీద ఎన్ని మొనలు తగులుతున్నాయో చెప్పమనండి. వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయండి. ఆ ఉబ్బు సింగ్యులమ్ అని, గట్టు మార్జినల్ రిడ్జ్ అని అప్పుడు చెప్తే మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

తర్వాత నంబర్లు. ఎఫ్‌డీఐ (ప్రపంచ దంతవైద్య సమాఖ్య) పద్ధతిలో మొదటి అంకె నోటిలో ఏ పావు భాగమో చెప్తుంది, రెండోది నడిమి గీత నుంచి ఎన్నో పన్నో చెప్తుంది. మొదటి అంకె శాశ్వత పళ్లకి 1 నుంచి 4, పాలపళ్లకి 5 నుంచి 8. "పదహారు" అని కాకుండా "వన్ సిక్స్" అని రెండు అంకెలూ విడిగా పలికించండి. ఇది చాదస్తం కాదు. మన దగ్గర 16 అంటే పై కుడి మొదటి మోలార్ (దవడ పన్ను). అమెరికాలో వాడే యూనివర్సల్ పద్ధతిలో 16 అంటే పై ఎడమ జ్ఞానదంతం. మన పిల్లల్లో అక్కడ చదువుకో లైసెన్సుకో వెళ్లేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒక నోటి బొమ్మ మీద మూడు పద్ధతులూ, అంటే ఎఫ్‌డీఐ, యూనివర్సల్, పామర్, పక్కపక్కన వేయించండి.

పేషెంట్ కుడి మన ఎడమ వైపు ఉంటుందనేది చెప్పినంత తేలిగ్గా బుర్రకెక్కదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు నంబరు చెప్తే ఇంకొకరు అవతలివాళ్ల నోటి వైపు ఆ చోటు చూపించాలి. పావుగంట ఆడిస్తే తడబాటు తగ్గిపోతుంది.

3. ఒక్క పన్ను పూర్తిగా

అన్ని పళ్లూ పైపైన చెప్పుకుంటూ పోవడం కంటే, పై సెంట్రల్ ఇన్సైజర్ (నడిమి గీత పక్కనున్న ముందరి పన్ను) ఒక్కదాన్ని తీరిగ్గా చూపించండి. మిగతావాటిని చూసే పద్ధతి దానితోనే వస్తుంది.

పన్ను చేతికిచ్చి మూడు ప్రశ్నలు వరసగా వేయండి. పైదా కిందదా? ముందు వైపు ఏది, వెనక వైపు ఏది? కుడిదా ఎడమదా? మొదటి రెండూ తొందరగా చెప్పేస్తారు. మూడోదానికి వేళ్లు తడుముకుంటాయి. అప్పుడు కొరికే అంచు రెండు మూలలు చూడమనండి. ఒకటి దాదాపు లంబకోణంలో ఉంటుంది, ఇంకొకటి గుండ్రంగా తిరుగుతుంది. కోణంగా ఉన్నది మీసియల్, అంటే నడిమి గీత వైపు. పన్నుని పక్కకి తిప్పి ఎనామెల్ (పంటి పైనున్న గట్టి తెల్లటి పొర) వేరుని కలిసే గీత చూడమనండి. అది కొరికే అంచు వైపుకి వంగి ఉంటుంది. ప్రామాణిక కొలతల్లో ఆ వంపు మీసియల్ వైపు 3.5 మిల్లీమీటర్లు, డిస్టల్ వైపు, అంటే నడిమి గీతకి దూరంగా ఉన్న వైపు, 2.5. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి తెలుస్తుంది. చివరగా వేరు కొన, చాలాసార్లు డిస్టల్ వైపుకి కాస్త వాలి ఉంటుంది. "చాలాసార్లు" అన్న మాట గట్టిగా చెప్పండి. కొన వంపు ఒక్కటే చూసి కుడి ఎడమ తేల్చేయడం మొదటి ఏడాదిలో సర్వసాధారణం.

ఇక్కడే ఒక నియమం పెట్టేయండి: కనీసం రెండు కారణాలు లేనిదే కుడి ఎడమ చెప్పకూడదు. రెండూ ఒకే వైపు చూపిస్తే జవాబు. చెరో వైపూ చూపిస్తే మూడోది వెతకాలి.

4. మైనంతో పన్ను చెక్కడం

"ఇప్పుడంతా స్కానర్లు, మిల్లింగ్ మిషన్లు కదా సార్, చెక్కడం ఎందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కంప్యూటర్‌లో వచ్చిన క్రౌన్ (పంటి తొడుగు) ఆకారం సరిగ్గా ఉందో లేదో చూడాల్సింది డాక్టరే. కాంపోజిట్‌తో (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) విరిగిన పన్ను కట్టేటప్పుడు మిషన్ ఏదీ రాదు.

పై సెంట్రల్ ఇన్సైజర్ కొలతలు రెట్టింపు చేసి చెక్కిస్తే కొత్తవాళ్ల చేతికి తేలిగ్గా ఉంటుంది. క్రౌన్ (ఇక్కడ చిగురు బయట కనిపించే పంటి భాగం) పొడవు 10.5 కాబట్టి 21 మిల్లీమీటర్లు, వేరు 13 కాబట్టి 26, వెడల్పు 8.5 కాబట్టి 17, మందం 7 కాబట్టి 14. బ్లాకు మీద ముందుగా లేబియల్ (పెదవి) వైపు నుంచి కనిపించే ఆకారం గీయాలి. మీసియల్, డిస్టల్ పక్కల మిగులు మైనం గీత దాకా తీసేయాలి. అలా బయటపడ్డ పక్క తలం మీద ఇప్పుడు మీసియల్ ఆకారం గీసి, ముందూ వెనకా మిగులు తీయాలి. అప్పటికి పన్ను నలుచదరంగా, మొరటుగా ఉంటుంది. అలాగే ఉండాలి. మూలలు గుండ్రం చేయడం ఆ తర్వాత, వెనక పల్లం తీయడం అన్నిటికన్నా చివర.

పిల్లలు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. లెక్రాన్ కార్వర్ (మైనం చెక్కే పనిముట్టు) చేతికి రాగానే వెనక వైపు గుంట తవ్వేస్తారు, అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి. ఆ తర్వాత మందం తగ్గించబోతే గుంట కాస్తా కిటికీ అయిపోతుంది. అందుకే కొలతలు మీరు చూసి సంతకం పెట్టేదాకా గుంట జోలికి వెళ్లనివ్వకండి. స్కేలు కాదు, డివైడర్ వాడించండి.

ఎండాకాలంలో మైనం మెత్తబడి కార్వర్‌కి అంటుకుపోతుంది. బల్లకొక గిన్నె చల్లనీళ్లు పెట్టి, మధ్యమధ్యలో ముంచి చెక్కమనండి. చివర్లో సబ్బు నీళ్లలో తడిపిన దూదితో మెల్లగా రుద్దితే నునుపొస్తుంది. ఎక్కువ రుద్దితే గట్లు పోతాయి.

నునుపుకి మార్కులు తక్కువ, నిష్పత్తికి ఎక్కువ అని ముందే ప్రకటించండి. లేకపోతే హాస్టల్లో సీనియర్ చెక్కిపెట్టిన పళ్లు మీ బల్ల మీదికి వస్తాయి. ప్రతి మెట్టూ క్లాసులోనే చెక్కించి, సంతకం పెడుతూ పోవడమే దానికి మందు.

5. మొదటి మోలార్ల దగ్గర ఆగండి

లాటరల్ ఇన్సైజర్ (సెంట్రల్ పక్కది), కెనైన్ (కోరపన్ను), ప్రీమోలార్లు (కోరపన్నుకీ మోలార్లకీ మధ్యవి) కొంచెం వేగంగా నడిపించొచ్చు. ప్రీమోలార్లలో రెండు మాత్రం వదలకండి. పై మొదటి ప్రీమోలార్ మీసియల్ వైపు ఉన్న లోపలి పల్లం, కింది మొదటి ప్రీమోలార్‌కి మీసియల్, లింగ్వల్ (నాలుక వైపు) తలాలు కలిసేచోట ఉండే గాడి. కుడి ఎడమ తేల్చడానికి ఇవి మంచి ఆనవాళ్లు. పై ప్రీమోలార్ పల్లం దగ్గర ఫిల్లింగ్ బ్యాండు సరిగ్గా కూర్చోదని చెప్తే గుర్తుంటుంది.

16, 36 దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగండి. పై మొదటి మోలార్‌కి మూడు వేర్లు: బక్కల్ (చెంప) వైపు రెండు, పాలటల్ (అంగిలి) వైపు ఒకటి. నాలుగు ముఖ్యమైన కస్పులు (మొనలు), వాటిలో పెద్దది మీసియోపాలటల్. దాని పక్కన కొందరిలో ఇంకో చిన్న మొన ఉంటుంది. ఆస్ట్రియా చక్రవర్తి దంతవైద్యుడు కరబెల్లి 1842లో వర్ణించినది అదే. మీసియోపాలటల్ నుంచి డిస్టోబక్కల్ దాకా ఏటవాలుగా ఒక గట్టు నడుస్తుంది, దాన్నే ఆబ్లిక్ రిడ్జ్ అంటారు. ఆ గట్టుని పెన్సిల్‌తో పన్ను మీదే గీయించండి. తర్వాత అడగండి: గట్టుకి ముందొక చిన్న పిప్పి, వెనకొక చిన్న పిప్పి, మధ్యలో గట్టు గట్టిగా ఉంది. రెండు గుంటలు చేస్తారా, ఒకటే పొడుగు గుంట చేస్తారా? బాగున్న గట్టుని తవ్వితే పన్ను బలం పోతుంది కాబట్టి రెండు. రెండో ఏడాది ప్రీక్లినికల్‌లో ఇదే పాఠం మళ్లీ వస్తుంది, అప్పుడు వాళ్లకి కొత్తగా ఉండదు.

కుడి ఎడమకి పద్ధతి ఇది. క్రౌన్ కిందికి, వేర్లు పైకి పట్టుకుని, రెండు బక్కల్ వేర్లు మీ వైపు ఉండేలా తిప్పండి. మీసియల్ మీ కుడి చేతి వైపు ఉంటే అది పేషెంట్ కుడి పన్ను.

కింది మొదటి మోలార్‌కి రెండే వేర్లు, మీసియల్, డిస్టల్. కస్పులు ఐదు: బక్కల్ వైపు మూడు, లింగ్వల్ వైపు రెండు. మీసియల్ వేరు వెడల్పు, అందులో మామూలుగా రెండు కాలువలు. పైదీ కిందదీ పక్కపక్కన పెట్టి, ఏ వేరు ఎటు ఉందో కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పించండి. రేపు పీకేటప్పుడు ఫోర్సెప్స్ మొన ఎక్కడ దిగాలో ఆ వేళ్లే చెప్తాయి. పై మోలార్‌కి కుడి వైపుకో ఫోర్సెప్స్, ఎడమ వైపుకో ఫోర్సెప్స్ ఎందుకున్నాయో, కింది మోలార్‌కి రెండు వైపులా ఒకటే ఎందుకు సరిపోతుందో వాళ్లనే ఆలోచించమనండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పన్ను సుమారు ఆరేళ్లకి, ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటి వెనక వస్తుంది. అందుకే చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుంటారు. "పాలపన్నే కదా డాక్టర్ గారూ, ఎలాగూ ఊడేదే" అని ఎనిమిదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చే అమ్మకి ఏం చెప్తారో తెలుగులో చెప్పించండి. ఇంగ్లిష్ పుస్తకం చదివి తెలుగు పేషెంటుకి చెప్పడం కూడా ఒక విద్యే, మన సిలబస్‌లో దానికంటూ చోటు లేదు.

6. ఎంబ్రియాలజీని మట్టితో

పంటి ఎదుగుదల దశలకి బడ్ (మొగ్గ), క్యాప్ (టోపీ), బెల్ (గంట) అని మూడు బొమ్మలు గీస్తే అవి మూడు వేర్వేరు వస్తువులని అనుకుంటారు. ఒకటే ముద్ద క్రమంగా మారుతోందని తెలియాలంటే రెండు రంగుల క్లే ఇవ్వండి. నీలం ఎపిథీలియం (పై పొర), ఎరుపు దాని కింద ఉన్న ఎక్టోమీసెన్‌కైమ్ (మెత్తటి కణజాలం). గర్భంలో ఆరో వారానికి డెంటల్ లామినా (పంటి మొగ్గలు పుట్టే పట్టీ) మొదలవుతుంది. నీలం పట్టీ నుంచి ఒక మొగ్గని కిందికి లాగించండి. తర్వాత మొగ్గ అడుగుని బొటనవేలితో నొక్కి పల్లం చేసి, ఆ పల్లంలో ఎరుపు కూర్చమనండి. పల్లం లోతు పెరిగేకొద్దీ క్యాప్ పోయి బెల్ వస్తుంది. ఎరుపు ముద్ద డెంటల్ పాపిల్లా, రేపటి డెంటిన్ (ఎనామెల్ కింది పొర), పల్ప్ (లోపలి నరం భాగం). నీలం నుంచి ఎనామెల్. చుట్టూ ఉన్న సంచి ఫాలికిల్, దానినుంచి సిమెంటమ్ (వేరు మీది పొర), వేరుని ఎముకకి పట్టి ఉంచే లిగమెంట్.

నీలం, ఎరుపు కలిసే గీత చూపించి, "పంటి ఆకారం ఇక్కడే నిర్ణయమైపోయింది" అనండి. ఆ గీత మడతపడ్డ చోట కస్పు వస్తుంది. డెంటిన్ ముందా, ఎనామెల్ ముందా అని వైవాలో అడగని ఎగ్జామినర్ లేరు. డెంటిన్ ముందు మొదలవుతుంది. లోపలి ఎనామెల్ ఎపిథీలియం సంకేతం ఇస్తే పాపిల్లా కణాలు ఓడొంటోబ్లాస్టులై డెంటిన్ వేస్తాయి, ఆ డెంటిన్ చూశాక గానీ అమెలోబ్లాస్టులు ఎనామెల్ వేయవు. ఒకరి కోసం ఒకరు ఆగే ఈ వరసని ఇద్దరు విద్యార్థులతో నటింపజేయండి. నవ్వుతారు, కానీ మరిచిపోరు.

7. హిస్టాలజీ: మాయమయ్యే ఎనామెల్

రికార్డు రాయించే సమయంలో సగం ఈ ప్రయోగానికి ఇవ్వండి. ఒక పన్నుని 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో వేసి, రోజూ యాసిడ్ మారుస్తూ ఉంచండి. యాసిడ్ పని ల్యాబ్ టెక్నీషియన్ చేతే, గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని చేయించాలి. కొన్ని రోజుల తర్వాత బాగా కడిగి పిల్లలకి చూపించండి. క్రౌన్ మీద తెల్లటి తొడుగు లేదు. మిగిలిన వేరుని వేళ్లతో వంచితే వంగుతుంది.

ఎందుకు? ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అది కరిగిపోతే మిగలడానికి ఏమీ లేదు. డెంటిన్‌లో ఖనిజం 70 శాతం దగ్గర, మిగిలినది ఎక్కువగా కొలాజెన్, నీరు. ఖనిజం పోయినా కొలాజెన్ ఆకారాన్ని నిలబెడుతుంది. ఇది చేత్తో వంచి చూసినవాడికి డీకాల్సిఫైడ్ (ఖనిజం తీసేసిన) స్లైడులో ఎనామెల్ చోట ఖాళీ ఎందుకుందో, ఎనామెల్ చూడాలంటే గ్రౌండ్ సెక్షన్ (అరగదీసి పలుచన చేసిన ముక్క) ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు. గ్రౌండ్ సెక్షన్‌లో పల్ప్ ఎందుకు లేదో కూడా వాళ్లే చెప్పేస్తారు.

వీలైతే ఒక్క గ్రౌండ్ సెక్షనైనా వాళ్లచేతే అరగదీయించండి. నీళ్లు పోస్తూ వాటర్‌పేపర్ మీద, మాస్కు పెట్టుకుని. పొడిగా అరగదీస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది. వేలు నొప్పి పుడుతుంది, సగం మందివి చివర్లో విరిగిపోతాయి. ఫర్వాలేదు. విరిగిన ముక్కలోనూ రెట్జియస్ గీతలు (ఎనామెల్ పొరలుగా పెరిగిన గుర్తులు) కనిపిస్తాయి.

స్లైడు బొమ్మలు హెచ్ అండ్ ఈ పెన్సిళ్లతో (స్లైడు రంగులైన గులాబీ, ఊదా) గీయించేటప్పుడు ముందు మైక్రోస్కోపులో చూసింది చూసినట్టు రఫ్‌గా గీయాలి, తర్వాతే రికార్డులోకి. సీనియర్ రికార్డు చూసి గీసిన బొమ్మని గుర్తుపట్టడం కష్టం కాదు. మీ స్లైడులో లేని నిర్మాణాలు కూడా అందులో అందంగా ఉంటాయి.

8. పంటి మీద మచ్చ చదివించండి

ఎంబ్రియాలజీ, హిస్టాలజీ, అనాటమీ మూడూ ఒకచోట కలిసేది ఇక్కడ. నేను ఏ బ్యాచ్‌కీ దీన్ని వదలను.

పై సెంట్రల్ ఇన్సైజర్ గట్టిపడటం పుట్టిన మూడు, నాలుగు నెలలకి మొదలవుతుంది. క్రౌన్ నాలుగైదేళ్లకి పూర్తవుతుంది. పక్కనే ఉన్న పై లాటరల్ మాత్రం పది, పన్నెండు నెలలకి గానీ మొదలు కాదు. మొదటి మోలార్ బిడ్డ పుట్టేవేళకే మొదలవుతుంది. ఇవి బోర్డు మీద రాసి ఒక కేసు ఇవ్వండి: తొమ్మిదేళ్ల పాప, సెంట్రల్ ఇన్సైజర్ల కొరికే అంచు దగ్గర, మొదటి మోలార్ల మీద గుంటలు పడ్డ పట్టీ, పై లాటరల్స్ శుభ్రంగా ఉన్నాయి. జబ్బు ఎప్పుడు చేసి ఉంటుంది? మొదటి పుట్టినరోజు లోపేనని పిల్లలు లెక్కగట్టి చెప్తారు. ఆ పట్టికని బట్టీ పట్టమంటే ఏడ్చినవాళ్లే.

తర్వాత మన నేల సంగతి. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బు) గురించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో ప్రచురించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ పేరు చెప్పనక్కర్లేదు. క్లాసులో ఆ జిల్లా పిల్లలు ఉండొచ్చు. వాళ్ల పళ్లని నమూనాగా నిలబెట్టకండి, ఫొటోలు వాడండి. అడగాల్సిన ప్రశ్నలు: మచ్చలు రెండు వైపులా ఒకేలా ఎందుకున్నాయి? ఒకే కాలంలో తయారైన పళ్లు ఒకే నీళ్లు తాగాయి కాబట్టి. ఒకే పన్ను మీద మచ్చ ఉంటే? అప్పుడు ఆ చోట పాలపన్ను చీము పట్టిందా, దెబ్బ తగిలిందా అని అడగాలి. ఇరవై ఏళ్లకి ఉద్యోగం మీద ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు వెళ్లినవాడికి పళ్లు మచ్చలు పడతాయా? పడవు, ఎనామెల్ ఎప్పుడో పూర్తయింది. అయితే ఎముకల సంగతి వేరని అక్కడే చెప్పేయండి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితి అనే అంకె పబ్లిక్ హెల్త్‌లో మళ్లీ వస్తుంది.

9. పాలపళ్లు

తేడాల పట్టిక ప్రతి పుస్తకంలోనూ ఉంది. పట్టిక కంటే ముందు నిలువునా కోసిన పాల మోలార్ ఒకటి, శాశ్వత మోలార్ ఒకటి ఇవ్వండి. ఎనామెల్ పలుచన, పల్ప్ పెద్దది, పల్ప్ కొమ్ము పైకి వచ్చి ఉంది, వేర్లు ఎడంగా విచ్చుకున్నాయి అని వాళ్లే చూసి రాస్తారు. పిల్లల పిప్పి అంత తొందరగా నరం దాకా ఎందుకు పోతుందో మొదటి రెండూ చెప్తాయి. విచ్చుకున్న వేర్ల మధ్య ప్రీమోలార్ మొగ్గ కూర్చుంటుందని చివరిది చెప్తుంది.

10. పరీక్ష

మీరు స్పాటర్లు (గుర్తుపట్టమని పెట్టే పళ్లు) ఎలా పెడతారో పిల్లలు అలా చదువుతారు. పేరు రాస్తే పూర్తి మార్కులిచ్చే పరీక్ష పెట్టి, ఆలోచించడం లేదని వాళ్లని తిడితే లాభం లేదు. ఇంటర్నల్స్‌లో ప్రతి పంటికీ పేరుకి 1 మార్కు, కారణాలకి 3 మార్కులు ఇచ్చి చూడండి. బట్టీ పిల్లల మొహాలు మొదటిసారి వాడిపోతాయి, రెండోసారికి దారిలో పడతారు.

స్పాటర్లు పెట్టే ముందు రోజు మీ సహోద్యోగి ఒకరికి అవే పళ్లు, జవాబుల పట్టిక లేకుండా ఇవ్వండి. జ్ఞానదంతాలు, బాగా అరిగిన మోలార్లు అనుభవం ఉన్నవాళ్లకే తేలవు. మీ ఇద్దరి జవాబులూ కలవని పన్నుని ట్రే నుంచి తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే రెండు జవాబులనీ పట్టికలో రాసుకుని, కారణం సరిగ్గా ఉన్నదానికి మార్కులు వేయండి.